కాలువ గట్టుమీద కట్టబడిన సంఘం: ఒంగోలు తొలి క్రైస్తవుల పని, కూలి, విశ్వాసం (1866–1878)

ప్రవేశిక

తెలుగు సంఘ చరిత్ర చెప్పుకొనేటప్పుడు 1878 జూలై 3వ తేదీని తలచుకోని వారుండరు. ఆ ఒక్కరోజున ఒంగోలుకు ఉత్తరాన సుమారు పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి వద్ద 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మనం సంఘ వార్షికోత్సవాలలోను, సువార్త సభలలోను వింటూనే ఉంటాం. అయితే ఆ 2,222 మంది ఏ పని చేసి బ్రతికేవారు? ఆదివారం పని మానితే వారి ఇంట పొయ్యి ఎలా వెలిగేది? వారి చేతికి కూలి ఎక్కడనుండి వచ్చేది? ఈ ప్రశ్నలు వేసుకొనేవారు తక్కువ.

బయటివారు మాత్రం ఒక ప్రశ్న మానకుండా వేస్తూ వచ్చారు. 1876–78 నాటి మహా కరువులో గింజల కోసమే వీరు మతం మార్చుకున్నారు కదా, అని వారి ప్రశ్న. ఈ మాట విన్నప్పుడు మన కాపరులలో కొందరు కోపం తెచ్చుకుంటారు, కొందరు సిగ్గుపడి మాట మార్చేస్తారు. ఈ రెండూ అవసరం లేదని, చరిత్రను నిదానంగా చూస్తే మనకు చెప్పుకోదగిన జవాబు ఉన్నదని ఈ వ్యాసం నమ్ముతున్నది. ఒంగోలు ప్రాంతపు తొలి విశ్వాసులకు పని, కూలి, కూడు అనేవి విశ్వాసానికి బయట ఉన్న విషయాలు కావు. వారి విశ్వాసం మొట్టమొదట పరీక్షకు నిలిచిన చోటు అదే. ఈ సంగతిని మూడు ఘట్టాలలో పరిశీలిద్దాం.

1. తోళ్ళ వ్యాపారి తెచ్చిన సువార్త

అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగు నేలమీద 1836లో శామ్యూల్ డే రాకతో మొదలైంది. చాలాకాలం నెల్లూరు ఒక్కటే దానికి కేంద్రం. ఫలితాలు కనబడక మిషన్‌ను మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. 1854 జనవరి 1న లైమన్ జూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండమీద ప్రార్థించిన సంగతి మనకు తెలిసినదే. పన్నెండేళ్ళ తరువాత, 1866లో, జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది.

కాని ఒంగోలు పల్లెలలో సువార్త వ్యాపించిన దారి మిషన్ బంగళాలో మొదలు కాలేదు. ఒంగోలుకు పడమట సుమారు నలభై మైళ్ళ దూరాన ఉన్న తాళ్ళకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఉండేవాడు. తోళ్ళు కొని అమ్మటం అతని వ్యాపారం. ఆ వ్యాపారం మీద ఊరూరా తిరిగేవాడు. చాలాకాలంగా గురువులను ఆశ్రయించి, యోగం అభ్యసించి, సత్యం కోసం వెదకిన మనిషి. ఏలూరులో ఉన్న సి.ఎం.ఎస్. మిషనరీ అలెగ్జాండర్ ద్వారా, ఒంగోలుకు ఒక మిషనరీ రానున్నాడని అతనికి తెలిసింది. పేరయ్య, అతని భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పొందారు.

తరువాత పేరయ్య చేసిన పని గమనించదగినది. అతనికి వేదాంత కళాశాల శిక్షణ లేదు. అతనికున్నవి తోళ్ళ వ్యాపారంలో తిరిగిన దారులు, ఆ దారుల వెంట ఉన్న చుట్టాలు, బేరాలు చేసి సంపాదించుకున్న నమ్మకం. సువార్త ఆ దారులవెంటనే నడిచింది. 1867 జనవరిలో క్లౌ తాళ్ళకొండపాడు వచ్చేసరికి చుట్టుప్రక్కల పల్లెలనుండి జనం కూడి ఉన్నారు. కొద్ది రోజుల బోధ తరువాత 28 మంది బాప్తిస్మం పొందారు. మాదిగ సంఘాలలో సువార్త వ్యాప్తికి ఇది ఆరంభం.

యొప్పేలో పేతురు బస చేసిన ఇల్లు చర్మకారుడైన సీమోనుది అని అపొస్తలుల కార్యములు (9:43, 10:6) జ్ఞాపకం చేస్తుంది. తోలుపనిని యూదులు కూడ మైలపనిగానే ఎంచేవారు. అన్యుడైన కొర్నేలీ ఇంటికి వెళ్ళమన్న దర్శనం పేతురుకు కలిగింది ఆ తోళ్ళు ఊనవేసే ఇంటి మిద్దెమీదనే. తాళ్ళకొండపాడు సంగతి చదివినప్పుడు ఈ వాక్యభాగం మనకు మరింత దగ్గరౌతుంది.

2. మూడు నియమాలు, మూడు నష్టాలు

కొత్తగా వచ్చిన విశ్వాసులకు ఒంగోలు మిషన్ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చేయరాదు. చచ్చిన పశువుల మాంసం తినరాదు. విగ్రహాలను పూజింపరాదు. చదువురాని మనిషికి కూడ నోటికి వచ్చే నియమాలివి. పైకి చూస్తే ఇవి కేవలం మతాచారాలుగా కనబడతాయి. ఆనాటి పల్లె ఆర్థిక వ్యవస్థలో పెట్టి చూస్తే మూడూ పొట్టకూటికి సంబంధించినవే అని తెలుస్తుంది.

మాదిగలు ఊరికి చేసే సేవ చాలా ఉండేది. రైతుకు చెప్పులు కుట్టటం, ఎడ్లకు తోలు పట్టీలు, వార్లు చేయటం, బావినుండి నీరు తోడే తోలు బానలను బాగుచేయటం, చచ్చిన పశువును ఊరిబయటికి లాగటం, జాతరలలో డప్పు కొట్టటం వారి పనులు. కోతల కాలంలో పొలంపని సరేసరి. వీటికి రొక్కం దొరకటం తక్కువ. పంట నూర్పిళ్ళప్పుడు కళ్ళంలో కొలిచి ఇచ్చే మేరతోనే ఏడాది గడవాలి. మేర ఇచ్చే రైతుకు కోపం వస్తే ఏడాది తిండి పోయినట్టే.

ఇప్పుడు ఆ మూడు నియమాలను మళ్ళీ చూద్దాం. ఆదివారం పని మానటమంటే కోతల రోజుల్లో యజమాని పిలుపును కాదనటం. ఇంతకుముందు ఏ మాదిగా తనకు వారంలో ఒక రోజు తనదని చెప్పి ఉండడు. పశువు చచ్చినప్పుడు దాని మాంసం వారికి దక్కేది. ఆకలి నెలల్లో అది పిల్లల తిండి. దాన్ని వదలటమంటే ఉచితంగా దొరికే ఒక పూట కూటిని వదలటం. విగ్రహారాధన మానటమంటే జాతరలో డప్పు కొట్టననటం. డప్పు ఊరికి చేయవలసిన సేవ గనుక, దాన్ని కాదంటే ఊరంతటినీ కాదన్నట్టు. అందుకే విశ్వాసులకు మేర ఆపటం, పనులకు పిలవకపోవటం, నీళ్ళకు, పశువుల మేతకు అడ్డుపడటం వంటి బాధలు ఎదురయ్యాయి.

ఇక్కడ రెండు సంగతులు చెప్పుకోవాలి. మొదటిది, తోలుపని మానమని మిషన్ చెప్పలేదు. చెప్పులు కుట్టే చేయి చెప్పులు కుడుతూనే ఉన్నది. పని మైల కాదు, పనిచేసే మనిషి మైల కాడు అన్న సంగతి ఈ మౌనంలోనే ఉన్నది. రెండవది, బాప్తిస్మం వీరికి లాభం తేలేదు, ఉన్న ఆదాయంలో కొంత పోగొట్టింది. 1867 నుండి 1876 వరకు పదేళ్ళలో ఒంగోలు సంఘం ఎనిమిదిమందినుండి మూడువేలు దాటింది. ఆ మూడువేలమంది కరువుకు ముందే, నష్టం తెలిసి వచ్చినవారు. గింజల కోసమే వచ్చారనేవారు ఈ పదేళ్ళను లెక్కలోకి తీసుకోవటం లేదు.

యోహాను దగ్గరకు బాప్తిస్మం కోసం వచ్చిన జనులు, సుంకరులు, సిపాయిలు తామేమి చేయాలని అడిగిన సందర్భం లూకా 3:10–14లో ఉన్నది. యోహాను ఇచ్చిన జవాబులన్నీ అంగీ, ఆహారం, పన్ను, జీతం గురించినవే. మారుమనస్సుకు తగిన ఫలం ఏదో అతడు వారి పనిలోను, వారి సంచిలోను చూపించాడు. ఒంగోలు మూడు నియమాలు కూడ ఈ కోవకు చెందినవే.

3. కరువు, కాలువ, కూలి

1876లో వానలు తప్పిపోయాయి. మద్రాసు రాజధానిలోని చాలా జిల్లాలలో పంట లేదు. 1877లో ధాన్యం ధరలు కూలివానికి అందకుండా పోయాయి. రైతుకే గింజలు లేనప్పుడు మేర మాట ఎక్కడిది? ఊరి వ్యవస్థలో అందరికంటె చివర ఉన్నవారు అందరికంటె ముందు ఆకలికి గురయ్యారు. కలరా, మశూచి తోడయ్యాయి. దక్షిణ భారతదేశంలో లక్షలమంది మరణించారు.

ప్రభుత్వం సహాయపు పనులు తెరచింది. అయితే ఖర్చు తగ్గించాలన్న పట్టుదలతో సర్ రిచర్డ్ టెంపుల్ 1877లో రోజు కూలిని ఒక పౌను ధాన్యం, దానిపై కొద్దిపాటి రొక్కం అన్నంతకు దించాడు. మట్టి త్రవ్వేవాడు దానితో బ్రతకలేడని మద్రాసు ఆరోగ్య శాఖాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు ఆ కొలతను పెంచవలసి వచ్చింది. కూలి ఎంత అన్న ప్రశ్న ఆ రోజుల్లో చావు బ్రతుకుల ప్రశ్న.

ఈ పరిస్థితిలో క్లౌ ఒక నిర్ణయం తీసుకున్నాడు. తీరం వెంబడి సాగుతున్న బకింగ్‌హామ్ కాలువ పనిలో మూడు మైళ్ళకు పైగా భాగాన్ని తానే కంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు అతడు అమెరికాలో భూమి సర్వే పనిచేసినవాడు. కొలతలు, మట్టి లెక్కలు అతనికి తెలుసు. ఇతర చోట్ల పనికి వెళ్ళిన క్రైస్తవులు మేస్త్రీలవల్ల పడిన బాధలు అతని చెవిన పడ్డాయి. రాజుపాలెం వద్ద శిబిరం వేశారు. సుమారు ముప్పైమంది తెలుగు బోధకులను పనిమీద మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది వచ్చారు. మగవారు పార పట్టి త్రవ్వితే ఆడవారు తట్టలతో మట్టి మోసి గట్టు వేశారు. త్రవ్విన పనికి కూలి ముట్టింది.

పని ఆగిన వేళలలో బోధకులు ఆ జనం మధ్య కూర్చుని మాట్లాడేవారు. అక్కడ ఎక్కువగా చెప్పబడిన వాక్యం మత్తయి 11:28. ప్రయాసపడి భారము మోసేవారిని యేసు పిలిచిన ఆ మాటను, నెత్తిమీద మట్టి తట్టతో ఉన్నవారికి వివరించి చెప్పవలసిన పని లేదు. బరువంటే ఏమిటో వారి మెడకు తెలుసు. పని ముగిశాక తమ తమ పల్లెలకు వెళ్ళిపోయినవారు ఆ మాటను తమతో తీసుకొని పోయారు.

ఈ సహాయం భిక్ష కాలేదు, కూలి అయింది. ఈ తేడా వేదాంతపరంగా ముఖ్యమైనది. పౌలు డేరాలు కుట్టి తన చేతులతో సంపాదించుకున్నాడు (అపొ. కా. 18:3). పనిచేయగలవాడు పనిచేసి తన ఆహారం తినాలని థెస్సలొనీకయులకు వ్రాశాడు (2 థెస్స. 3:10–12). పని దొరకనప్పుడు ఆ హితవును ఊరికే వల్లించటం అన్యాయం. పని దొరికేటట్టు చేయటం ఆ హితవును నెరవేర్చటం. ఒంగోలులో జరిగినది ఈ రెండవది.

4. బాప్తిస్మం ఎందుకు ఆగింది?

ఇక అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. కంట్రాక్టరూ మిషనరీయే, మేస్త్రీలూ బోధకులే. కూలి ఇచ్చే చేయి, సువార్త చెప్పే నోరు ఒక్కరివే అయినప్పుడు వినేవాడు స్వేచ్ఛగా వింటున్నాడని ఎలా చెప్పగలం? ఈ విమర్శను మనం తోసిపుచ్చరాదు. అధికారం, ఆకలి ఒకేచోట ఉన్నప్పుడు ఒప్పుకోలును అనుమానించటం తప్పుకాదు.

ఆ అనుమానం క్లౌకు, అతని తోటి బోధకులకు కూడ కలిగింది. అందుకే 1877 మార్చినుండి 1878 జూన్ వరకు, పదిహేను నెలలు, వారు బాప్తిస్మం ఇవ్వలేదు. వందలమంది అడిగారు. గుంపులు గుంపులుగా వచ్చారు. అయినా ఆపారు. సహాయపు డబ్బు చేతులు మారుతున్నంతకాలం నీటిలో దిగటం ఉండకూడదన్నది వారి ఉద్దేశం. సంఖ్యలు పంపితే సంతోషించే సొసైటీ సముద్రం ఆవల ఉండగా పదిహేను నెలలు సున్న వ్రాయటం తేలికైన పని కాదు.

1878 వేసవి నాటికి సహాయపు పనులు తగ్గాయి. ఇక తన దగ్గర డబ్బు లేదని, బోధకులు మాత్రమే వెల్లంపల్లికి రావలసినదని, కొత్తవారిని వెంటబెట్టుకొని రావద్దని క్లౌ తెలియజేశాడు. అయినా జనం వచ్చారు. తమకు డబ్బు అక్కరలేదని, ఇదివరకు పనిచేసి బ్రతికినట్టే ఇకముందూ బ్రతుకుతామని, మళ్ళీ పంట పోయి చావవలసివస్తే క్రైస్తవులుగానే చస్తామని వారు చెప్పినట్టు, కాలువ పనిలో చేతులకు లేచిన బొబ్బలను ఋజువుగా చెప్పుకున్నట్టు క్లౌ తన జ్ఞాపకాలలో వివరించాడు. ఆయన మరణానంతరం 1914లో వెలువడిన ఆ గ్రంథాన్ని అక్షరబద్ధం చేసినది ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. మిషనరీ వైపునుండి చెప్పబడిన సాక్ష్యం కనుక దాన్ని జాగ్రత్తగా చదవాలి. కాని తేదీలు ఆ సాక్ష్యాన్ని బలపరుస్తున్నాయి. కూలి ముందు ఆగింది, బాప్తిస్మం తరువాత మొదలైంది.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజులలో మొత్తం 3,536 మంది బాప్తిస్మం పొందారు. జూలై 3న బాప్తిస్మం ఇచ్చినవారు అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి వంతులవారీగా ఆ పని చేశారు. క్లౌ నీటిలో దిగలేదు. ఆ సంవత్సరాంతానికి కొత్త విశ్వాసులు 9,606 మంది అయ్యారు. ఆనాడు ప్రపంచంలోని పెద్ద బాప్టిస్టు సంఘంగా ఒంగోలుకు పేరు వచ్చింది.

ఆకలి వారిని కదిలించలేదని మనం అనరాదు. తప్పిపోయిన కుమారుడు కూడ ఆకలి వేసిన తరువాతనే తండ్రి ఇంటిని జ్ఞాపకం చేసుకున్నాడు (లూకా 15:17). అతని ఆకలిని తండ్రి తప్పుపట్టలేదు. ప్రశ్న ఆకలి ఉన్నదా అన్నది కాదు, ఆకలి తీరిన తరువాత, డబ్బు ఆగిన తరువాత ఎవరు నిలిచారు అన్నది.

5. కాలువ తీర్చనివి

ఈ చరిత్రను గొప్పగా చెప్పుకొని ఊరుకుంటే అది సగం సత్యమే. కాలువ పని ప్రాణాలు నిలిపింది, కాని ఎవరికీ భూమి ఇవ్వలేదు. కరువు తీరాక విశ్వాసులు తిరిగి అదే రైతు కళ్ళం దగ్గర నిలబడ్డారు. అప్పు తెచ్చినవాడికి అప్పు అలాగే ఉన్నది. పేదల చేతినుండి కాపరి జీతం ఎంతవరకు రావాలి, మిషన్ ఎంతవరకు ఇవ్వాలి అన్న స్వయంపోషణ సమస్య తరువాతి దశాబ్దాలలో క్లౌకు, సొసైటీకి మధ్య వాదమై నడిచింది. ఒక ఏడాది కష్టానికి జవాబు దొరికింది గాని తరతరాల లేమికి దొరకలేదు.

మరొకటి కూడ ఉన్నది. ఆ తరం విశ్వాసులు తమ పనిని, ఆదివారాన్ని, కూటిని కలిపి చూశారు. తరువాతి తరాలలో మనం వాటిని విడదీశాం. ప్రసంగం ఆత్మకు, కూలి శరీరానికి అని పంచిపెట్టాం. డబ్బు మాట చందాల సమయంలో తప్ప వేదికమీద వినబడటం అరుదైంది.

6. నేటి కాపరికి

2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైన ఉపాధి హామీ పథకం క్రింద మన సంఘస్థులు వేలమంది పార, తట్ట పట్టి మట్టిపని చేశారు. చేసిన పనికి కొలత సరిగా వ్రాశారా, కూలి చేతికి అందిందా అన్న బాధ వారిది. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ ఒత్తిడి పెరిగి ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చినప్పుడు, వారం వారం కిస్తీ కట్టలేక తలవంచుకొన్న స్త్రీలలో మన స్త్రీల సమాజపు సభ్యులు లేరా? వారి అప్పు సంగతి కాపరికంటె ముందు ఎవరికి తెలిసింది? ఈ ప్రశ్నలు మనం వేసుకోవాలి.

ఒంగోలు చరిత్ర మనకు మూడు సంగతులు నేర్పుతున్నది. ఒకటి, విశ్వాసి చేసే పనిని కాపరి తెలిసికొని ఉండాలి. ఎవరు దర్జీ, ఎవరు ఆటో నడుపుతారు, ఎవరికి ఆదివారం సెలవు దొరకదు అన్నది సందర్శన పుస్తకంలో ఉండవలసిన వివరం. ఆదివారం రాలేదని మందలించే ముందు, వస్తే ఏమి పోగొట్టుకుంటాడో తెలియాలి. రెండు, మనం పెట్టే ప్రతి నియమానికి పేదవాని ఇంట ఒక ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చులో సంఘం పాలుపంచుకోకపోతే ఆ నియమం బరువే అవుతుంది. మూడు, సహాయం చేసే చేయి మనస్సాక్షిని కొనకూడదు. ఇచ్చేటప్పుడు ఒప్పుకోలు అడగకూడదు, ఒప్పుకోలు అడిగేటప్పుడు ఇస్తామని చెప్పకూడదు. నిధులు, సంఖ్యలు, నివేదికలు ఒకే కాగితం మీద వ్రాసే అలవాటున్న మన కాలానికి ఆ పదిహేను నెలల మౌనం గట్టి పాఠం.

గింజల కోసం మారినవారి మనుమలని ఎవరైనా మన యౌవనస్థులను గేలిచేస్తే వారికి చెప్పవలసిన మాట ఇదే: మీ పూర్వికులు చేసిన పనికి కూలి తీసుకున్నారు. ఆ కూలి ఆగిపోయిన తరువాత, ఇచ్చేదేమీ లేదని చెప్పించుకొని, బొబ్బలెక్కిన చేతులతో నడిచివచ్చి గుండ్లకమ్మలో దిగారు. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు.